నేల ఎంత దిగును? ఎప్పుడు దిగును?
సింగరేణిలో కుంగుబాటు లెక్కల కథ



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. మాది దేవరుప్పుల. మా మండలం పేరు చెప్పగానే చాలామందికి కడవెండి, అక్కడ 1946 జులై 4న నేలకొరిగిన దొడ్డి కొమురయ్య గుర్తుకు వస్తారు. నేను పుట్టినది కూడా ఆ సంవత్సరమే. పోరాట చరిత్ర వ్రాయగల పెద్దలు వేరే ఉన్నారు కనుక నాకు తెలిసిన పనిని గూర్చి వ్రాస్తాను. 1969 నుండి 2006 వరకు సింగరేణిలో సర్వే విభాగంలో పని చేశాను. చెయిన్ పట్టుకుని మొదలుపెట్టి సర్వేయరుగా దిగిపోయాను.

మా ఊరి కింద బొగ్గు లేదు. జనగామ ప్రాంతమంతా గట్టి గ్రానైట్ రాయి. బొగ్గు కావాలంటే ఇటు ఇల్లందుకో, అటు భూపాలపల్లికో పోవాలి. పోయినవాళ్లు చాలామందే. ఒకప్పుడు అదంతా వరంగల్, ఖమ్మం జిల్లాల సంగతి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని వేరు వేరుగా చెప్పుకుంటున్నాము గానీ, బాయి పనికి పోయి వచ్చినవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు.

రెండేళ్ల క్రితం మా పక్క ఊరి మిత్రుడొకడు ఇంటికి వచ్చాడు. టింబర్‌మాన్‌గా పని చేసి దిగిపోయిన మనిషి. దాచుకున్న డబ్బుతో కొడుకు కోసం ఒక కోల్‌బెల్టు ఊరిలో ప్లాటు చూసుకున్నాడు. ఊరి పేరు, బాయి పేరు ఇక్కడ అనవసరం. కూర్చోకముందే అడిగాడు: "సారూ, ఆ జాగ కింద పాత బాయి ఉన్నదంటున్నరు. నేల దిగుతదా దిగదా, ఒక్క మాట చెప్పుండ్రి."

నా ఉద్యోగంలో సగం కాలం ఆ లెక్కలోనే గడిచింది. అయినా ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో చెప్పడమే ఈ వ్యాసం.

సింగరేణి మొదలైన తీరు మనందరికీ తెలిసినదే. 1871 ప్రాంతంలో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. డోర్నకల్ నుండి ఇల్లందుకు రైలు దారి వేశారు. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది, 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. తరువాత బెల్లంపల్లి, కొత్తగూడెం, మందమర్రి, గోదావరిఖని, చివరకు 1980లు, 90లలో మన భూపాలపల్లి కాకతీయ ఖనులు.

అప్పటి నుండి ఇప్పటి వరకు ఎక్కువ బాయిలలో పద్ధతి ఒక్కటే, బోర్డ్ అండ్ పిల్లర్. ఇంట్లో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు కనుక చెబుతాను. బొగ్గు పొరలో ముందుగా నిలువు, అడ్డం గ్యాలరీలు కొట్టుకుంటూ పోతారు. మధ్యలో బొగ్గు దిమ్మెలు మిగులుతాయి. అవే పిల్లర్లు, పైకప్పును మోసేది అవే. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటరాదు. లోతు పెరిగిన కొద్దీ పిల్లరు కూడా పెద్దదిగా వదలాలి. ఇది డెవలప్‌మెంట్. అప్పటికి పైన నేలకు ఏమీ కాదు. ఆ తరువాత వెనక్కి వస్తూ పిల్లర్లను కూడా తీస్తారు. అది డిపిల్లరింగ్. తీసిన చోట పైకప్పు కూలుతుంది, దానిని మనము గోఫ్ అంటాము. గోఫ్ కూలినప్పుడే పైన నేల సంగతి మొదలవుతుంది.

కూలనీయకుండా ఇసుకతో నింపడం ఇంకొక దారి. 1939లోనే స్టోయింగ్ గూర్చి చట్టం వచ్చింది. గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల ద్వారా లోపలికి పంపి, తడకలు కట్టి నింపేవాళ్లం. స్టోయింగ్ మజ్దూర్లు మన సంఘంలో ఇంకా ఉన్నారు, వాళ్ల కాళ్లు చూస్తే చాలు ఎంతకాలం ఆ నీళ్లలో నిలబడ్డారో తెలుస్తుంది. ఇసుక కరువైన తరువాత ఓపెన్‌కాస్టుల మట్టిని జల్లించి వాడడం కూడా వచ్చింది.

ఇక లెక్క విషయం.

నేల ఎంత దిగుతుందో ముందుగా చెప్పాలన్న తపన బొగ్గు గనుల వాళ్లకు ఊరకే పుట్టలేదు, గొడవల వల్ల పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో బెల్జియంలోని లీజ్ పట్టణం కింద బొగ్గు తీస్తుంటే పైన ఇళ్ల గోడలు పగిలాయి. ఇంటివాళ్లు బాయి వల్లనే అన్నారు. కంపెనీలు మా బాయి అంత దూరం రాలేదన్నాయి. కింద తవ్విన చోటికి, పైన పగిలిన చోటికి సంబంధమేమిటో తేల్చవలసి వచ్చింది. పొరకు లంబంగా గీత గీస్తే ఆ గీత నేలను ఎక్కడ తాకుతుందో అక్కడి వరకే దెబ్బ అని గోనో అనే ఇంజనీరు సిద్ధాంతం చెప్పాడు. చూడడానికి చక్కగా ఉంది గానీ నేల ఆ మాట వినలేదు.

తరువాత 1885లో ఫ్రాన్సులో ఫాయోల్ అనే గని ఇంజనీరు, గోఫ్ పైన రాళ్లు గుమ్మటం ఆకారంలో కదులుతాయని ప్రయోగాలు చేసి వ్రాశాడు. ఈ పేరు మన ఆఫీసు మిత్రులు ఎక్కడో విన్నట్లు అనుకోవచ్చు. మేనేజ్‌మెంట్ పరీక్షలకు 14 సూత్రాలు బట్టీ పట్టించిన హెన్రీ ఫాయోల్ ఇతడే. ఆ సూత్రాలు పట్టుకుని ప్రమోషన్లు పొందినవారిలో ఆయన బాయి మనిషి అని తెలిసినవారు తక్కువ!

ఇరవయ్యో శతాబ్దంలో జర్మనులు, పోలెండు వాళ్లు లెక్కను ముందుకు తీసుకుపోయారు. పోలెండులో సైలీషియా పట్టణాల కింద బొగ్గు తీయవలసి ఉండడం చేత, తీసిన ప్రతి చిన్న ముక్కా పైన నేలలో ఎంత దూరం వరకు తన ప్రభావం చూపుతుందో ఒక గంట ఆకారపు వంపుతో చెప్పి, అన్ని ముక్కల ప్రభావాలనూ కూడితే మొత్తం పల్లం వస్తుందని 1950లలో క్నోతె చూపాడు. ఈనాటి కంప్యూటర్ లెక్కలలో చాలా వరకు ఆ కూడికే జరుగుతుంది. బ్రిటిష్ వాళ్లు అంత గణితం పెట్టుకోక, తమ దేశంలో వందల చోట్ల కొలిచిన అంకెలను పట్టికలుగా కూర్చి 1965లో ఒక చేతిపుస్తకం వేశారు, 1975లో సవరించారు. పొర మందం, లోతు, తీసిన ప్యానెల్ వెడల్పు, ఈ మూడు తెలిస్తే చాలు, పట్టికలో వేలు పెట్టి దిగుడు ఎంతో చదవవచ్చును. లోతుకు 1.4 రెట్లు వెడల్పు తీస్తే నేల పూర్తిగా దిగుతుంది, ఆ దిగుడు పొర మందంలో నూటికి 90 వంతులు, ప్యానెల్ అంచు నుండి 35 డిగ్రీల వాలులో ప్రభావం పాకుతుంది — ఇవీ వాళ్ల అంకెలు.

ఆ పట్టికలు మా చేతికీ వచ్చాయి. వాటితో నాకు జరిగిన ఒక అనుభవం చెప్పాలి.

ఒక బాయిలో డిపిల్లరింగ్ ప్యానెల్ మీద, చేల గుండా, ఇనుప పెగ్గుల వరుస వేశాము. ప్రభావం చేరని దూరంలో బెంచ్ మార్కు పెట్టుకుని, తెల్లవారక ముందే లెవెల్ తీయడం మొదలుపెట్టేవాళ్లం. ఎండ ముదిరితే స్టాఫు మీద అంకెలు నీళ్లలో కదిలినట్లు కదులుతాయి. ప్యానెల్ సగం అయిపోయింది. పట్టిక ప్రకారం మధ్య పెగ్గు అడుగున్నర దిగి ఉండాలి. నా పుస్తకంలో మూడు మిల్లీమీటర్లు. అంటే ఏమీ లేనట్టే, అది లెవెల్ తీయడంలో వచ్చే పొరపాటు కింద పోతుంది. పై అధికారి పుస్తకం చూసి "నీ లెవెలింగ్ తప్పు" అన్నారు. మళ్లీ తీశాను. మళ్లీ తప్పు అన్నారు. మూడోసారి ఆయనే ఎండలో నిలబడి ఐపీసులో చూశారు. మూడు మిల్లీమీటర్లే. ఆయన ఏమీ మాట్లాడలేదు, నాకు మాత్రం ఛాయ్ చెప్పించారు.

ఆరు నెలల తరువాత సన్నని బ్యారియర్ వదిలి పక్క ప్యానెల్ తీశారు. అది కొంత ముందుకు పోయిన తరువాత ఒక వారం లోపల రెండు ప్యానెళ్ల మీద పెగ్గులూ కలిసి దిగాయి. చేలో మనిషి కాలు దూరేంత పగులు వచ్చింది. మా పెగ్గులలో నాలుగు కనిపించలేదు. అవి పగుళ్లలో పడిపోయాయనుకుని వెతికాము. చివరకు రెండు దగ్గరి దొడ్డిలో బర్రెలకు కట్టుగొయ్యలై దొరికాయి.

ఇందులో వింత ఏమీ లేదని తరువాత అర్థమైంది. ఇంగ్లండులో బొగ్గు పైన ఉండే రాయిలో మెత్తని పొరలు ఎక్కువ, అది పరుపులా వంగుతూ దిగుతుంది. మన గోదావరి లోయలో బొగ్గు మీద మందమైన ఇసుకరాయి. అది దూలంలా నిలబడుతుంది. తీసిన వెడల్పు ఒక హద్దు దాటేదాకా పైకి కబురే రాదు. హద్దు దాటితే ఒక్కసారిగా వస్తుంది. లోపల పని చేసినవారికి ఇది బాగా తెలుసు. గోఫ్ కూలకుండా వేలాడుతూ, వేలాడుతూ, కూలిన రోజున వచ్చే గాలి దెబ్బకు టబ్బులే బోర్లా పడేవి. అందుకే గోఫ్ అంచున రూఫ్‌లో రంధ్రాలు వేసి మందుపెట్టి కూలగొట్టడం నేర్చుకున్నాము.

ధన్‌బాద్‌లో 1956లో ఏర్పడిన గనుల పరిశోధన సంస్థ సీఎంఆర్‌ఐ వారు దేశంలో అనేక బొగ్గు క్షేత్రాలలో పెగ్గులు వేయించి, కొలిపించి మన అంకెలు మనకు తయారు చేశారు. 2007లో ఆ సంస్థ ఇంధన పరిశోధన సంస్థతో కలిసి సింఫర్ అయింది. వాళ్లు తేల్చినది క్లుప్తంగా ఇది. పైకి ఏమీ తెలియని వెడల్పు అని ఒకటి మన గనులలో ఉన్నది, దానిని ముందు లెక్క కట్టాలి. కూలనిచ్చిన చోట దిగుడు ఇంచుమించు పొర మందంలో నూటికి 60 వంతుల వరకు పోవచ్చును. ఇసుక నింపితే అయిదు వంతులతో సరి. అంచు నుండి ప్రభావం పాకే కోణం కూడా బ్రిటిష్ అంకె కంటే బాగా తక్కువ. అంటే మన దగ్గర పల్లం చిన్నది, గోడలు నిటారు, పగుళ్లు ఎక్కువ.

మూడు మీటర్ల పొర అనుకోండి. కూలనిస్తే దగ్గర దగ్గర 1.8 మీటర్లు, మనిషి ఎత్తు. ఇసుక నింపితే 15 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. రైలు కట్ట కింద, ఊరి కింద, చెరువు కింద పనికి ఎందుకు అంత ఖర్చు పెట్టి ఇసుక మోశామో ఈ రెండు అంకెలే చెబుతాయి. రైల్వే లైనుకు గానీ, పక్కా భవనానికి గానీ 45 మీటర్ల లోపుగా పని చేయాలంటే ముందుగా గనుల భద్రత శాఖ అనుమతి కావాలని 1957 నిబంధనలలోనే ఉన్నది.

దిగుడు ఒక్కటే చూస్తే మోసపోతాము. ఇల్లు మొత్తం సమంగా ఒక మీటరు దిగినా గోడకు బీట పడదు. ఒక మూల దిగి ఒక మూల దిగకపోతేనే బీట. నులక మంచం మీద మనిషి కూర్చుంటే ఏమవుతుంది? నడుమ ఒడిసి, పట్టెల దగ్గర నులక బిగుసుకుంటుంది. నేల కూడా అంతే. పల్లం నడుమ మట్టి ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటుంది, అంచుల దగ్గర సాగుతుంది. సాగిన చోటే పగుళ్లు. అందుచేత ప్రమాదం నడిమి ఇంటికి కాదు, అంచు ఇంటికి. తమ ఇంటి కింద బొగ్గు తీయలేదు కనుక తమకు భయం లేదనుకునేవారు తరచుగా ఆ అంచు మీదనే ఉంటారు. మన దేశంలో కట్టడాల దగ్గర నేల మీటరుకు మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ సాగకూడదన్న హద్దు వాడుకలో ఉన్నది. పది మీటర్ల గోడకు అది మూడు సెంటీమీటర్లు. బ్రిటిష్ పుస్తకం ప్రకారం అంతవరకు సున్నం పూతలో గీతలు మాత్రమే పడతాయి. 18 సెంటీమీటర్లు దాటితే ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టుకోవలసిందే. ఒకే దిగుడుకు లోతు ఎక్కువైతే సాగుదల తగ్గుతుంది. 2014లో పని మొదలుపెట్టిన అడ్రియాల లాంగ్‌వాల్‌లో 250 మీటర్ల వెడల్పు ప్యానెళ్లు తీయగలిగారంటే అందులో లోతు పుణ్యం కూడా ఉన్నది.

ఈ లెక్కలన్నీ పైన రైతు కోసమే అనుకోరాదు. పైన పగులు కింద మనిషికి కూడా ఆపదే. వర్షాకాలంలో వాగు నీళ్లు ఆ పగుళ్ల గుండా దిగితే బాయి మునుగుతుంది. ఎండాకాలంలో గాలి దిగితే గోఫ్‌లో మిగిలిన బొగ్గు దానంతట అదే వేడెక్కి కాలుతుంది. కనుక మే నెలలో పగుళ్లను మట్టితో పూడ్చే పని మా మీద పడేది. పూడ్చిన తరువాత రైతు వచ్చి, చేను మళ్లీ సాపు చేసి ఇచ్చేదెవరని అడిగేవాడు. మా చేతిలో లెవెల్ పుస్తకం ఉండేది, జవాబు ఉండేది కాదు.

ఇప్పుడు మిత్రుని ప్రశ్నకు వస్తాను. ఇంతవరకు చెప్పినది, పిల్లర్లు తీస్తున్న చోట సంగతి. అక్కడ నేల ఎంత దిగేదీ, ఇంచుమించు ఎన్ని నెలలలో దిగేదీ ఈనాడు నమ్మకంగా చెప్పవచ్చును. కష్టమంతా పిల్లర్లు వదిలేసి వచ్చిన పాత బాయిల మీద. ఆ పిల్లర్లు యాభై ఏళ్లు నిలవవచ్చు, నూరేళ్లు నిలవవచ్చు. నీళ్లకు నాని, పొరలు పొరలుగా రాలి సన్నబడి ఒక రోజు చాలించుకోవచ్చు కూడా. ఎంత దిగుతుందో చెప్పవచ్చు, ఎప్పుడన్నది చెప్పలేము.

తక్కువ లోతులో ఇంకొక రకం ఉన్నది. గ్యాలరీలు కలిసే కూడలిలో కప్పు కొంచెం కొంచెంగా రాలుతూ పైకి పాకి, చివరికి నేల మీద బావి వంటి గుంత తెరుచుకుంటుంది. దీనికి చిన్న లెక్క ఉంది. విరిగిన రాయి విరగని రాయి కంటే ఎక్కువ చోటు పడుతుంది, మూడో వంతుకు కాస్త తక్కువ పొంగుతుందనుకోండి. మూడు మీటర్ల గ్యాలరీలో కప్పు పది మీటర్ల ఎత్తు వరకు రాలితే, రాలిన రాయే ఖాళీని నింపి ఇక పైకి పోనీయదు. రాయి అయిదో వంతే పొంగితే 15 మీటర్ల దాకా పోతుంది. రాలిన మట్టిని నీళ్లు పక్క గ్యాలరీలోకి కొట్టుకుపోతే ఈ లెక్క చెడి, గుంత ఇంకా పైకి పాకుతుంది. లోతు 20 మీటర్లా, 60 మీటర్లా అన్నది అందుకే ప్రాణం వంటి ప్రశ్న. గ్యాలరీ ఎక్కడిదాకా పోయిందన్నది అంతకంటే ముఖ్యం.

ఈమధ్య ఉపగ్రహం నుండి రాడార్‌తో నేల కదలికను కొలుస్తున్నారు. 2014 నుండి ఐరోపా వారి సెంటినెల్ ఉపగ్రహాలు, 2025 జులై 30న శ్రీహరికోట నుండి వెళ్లిన నిసార్ కొద్ది రోజులకొకసారి ఒకే చోటును చూసి సెంటీమీటరు కంటే తక్కువ కదలికను కూడా పట్టగలవు. పెగ్గులు బర్రెల పాలయ్యే బాధ తప్పింది. కాని పైనుండి చూసే కన్ను కదిలిన తరువాత చెబుతుంది. ఇంకా కదలని పాత బాయిని గూర్చి చెప్పేది పాత నక్ష ఒక్కటే.

ఆ ప్లాటు కోసం నేను తెలిసినవారి ద్వారా పాత ప్లాను నకలు ఒకటి సంపాదించాను. గుడ్డ మీద గీసిన నక్ష, కొలతలు అడుగులలో. గ్యాలరీలు ప్లాటుకు చాలా దూరంలోనే ఆగినట్లు ఉన్నది. లోతు ఎక్కువేమీ కాదు, అయినా కింద ఖాళీ లేదు కనుక భయం లేదని చెప్పబోయాను. మిత్రుడు నక్ష మీద వేలు పెట్టి కొంతసేపు చూశాడు. ఆయనకు చదువు రాదు గానీ గ్యాలరీల వరుసలను గుర్తుపట్టాడు.

"గీ బాయిల నేను పన్జేసిన సారూ. గీత ఈడ ఆగింది గని, మేం ఆగలే. ఇంకా రెండు పిల్లర్లు ముంగటికి పోయినం. నీళ్లొచ్చినయి, అప్పుడు ఇడిసిపెట్టి బయటకొచ్చినం. ఆ దిమ్మెలు నేనే కొట్టిన."

"ఏ దిక్కుకు పోయారు?"

ఆయన ప్లాటు దిక్కుకే చూపించాడు.

బాయి మూసేసిన తరువాత చివరి కొలతలు వేసి ప్లాను ఇవ్వాలన్నది నియమం. నీళ్లొచ్చిన బాయిలోకి చివరి కొలతకు దిగినవారెవరు? ఆ రెండు పిల్లర్ల సంగతి ఏ కాగితంలోనూ లేదు, ఆయన తలలో ఉన్నది. ఆయన ప్లాటు వద్దనుకున్నాడు. బయానా డబ్బులో సగమే తిరిగి వచ్చింది. ఆ ప్లాటు తరువాత ఇంకెవరో కొన్నారని విన్నాను. వారికి ఈ సంగతి తెలిపే దారి ఏమిటని కార్యదర్శి గారితో మాట్లాడుతున్నాను.

1975కు ముందు మూతపడిన బాయిలలో కోల్‌ఫిల్లర్లుగా, టింబర్‌మాన్‌లుగా, సర్దార్లుగా, లైన్‌మాన్‌లుగా పని చేసిన సభ్యులు ఎవరైనా ఉంటే నెలసరి సమావేశానికి దయచేసి రాగలరు. రాలేనివారి ఇంటికి నేనే వస్తాను. ఏ డిప్‌లో, ఏ లెవెల్‌లో చివరిదాకా పోయారు, ఎందుకు ఆపారు అన్న రెండు సంగతులు చెబితే చాలును. ట్రేసింగ్ కాగితం, పెన్సిలు నా దగ్గర ఉన్నవి.